హైబ్రిడ్ కారు, అణువిద్యుత్తు: దేని బదులు వాడుతున్నామో చూడాలి

హైబ్రిడ్ కార్ల వల్ల, అణువిద్యుత్తు వల్ల నిజంగా మేలుందా, లేక అంతా ప్రచారమేనా అని అడిగారు. హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజినుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్న కారు, ఆరేళ్లుగా నడుపుతున్నాను కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ లీటర్లు, కిలోమీటర్లు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వచ్చాను.

మొదటి నాలుగేళ్లు ఆఫీసు దారంతా ట్రాఫిక్కే. పాత పెట్రోలు కారుతో పోలిస్తే దాదాపు మూడో వంతు పెట్రోలు మిగిలింది. మామూలు కారులో బ్రేకు నొక్కితే ఆ వేగమంతా వేడిగా మారి పోతుంది. హైబ్రిడ్‌లో మోటారే జనరేటర్‌లా పనిచేసి అందులో కొంత బ్యాటరీలోకి మళ్లిస్తుంది. సిగ్నల్ దగ్గర ఇంజిను దానంతటదే ఆగిపోతుంది. తర్వాత ఉద్యోగం మారి రోజూ హైవే మీద వెళ్లాల్సి వచ్చింది. అదే కారు, నడిపేదీ నేనే, ఆదా మాత్రం బాగా పడిపోయింది. బ్రేకే వేయని దారిలో వెనక్కి రాబట్టడానికి ఏముంటుంది? కొనాలనుకునే వాళ్లందరికీ ముందు మీరు తిరిగే రోడ్డు చూసుకోండి అని చెప్తుంటాను.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ప్లగ్ పెట్టి చార్జింగ్ చేసుకునే వీలు లేని హైబ్రిడ్‌లో బ్యాటరీ కరెంటు కూడా చివరికి పెట్రోలు నుంచి వచ్చిందే. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. హైబ్రిడ్ ఆ లీటర్లను తగ్గిస్తుంది, అంతే. పక్కనే అణు కేంద్రం ఉన్నా ఈ కారుకి ఒరిగేదేమీ లేదు. ఆ కరెంటు అందాలంటే చార్జింగ్ పెట్టుకునే కారు ఉండాలి.

అణువిద్యుత్తు లెక్క వేరు. గని తవ్వకం, నిర్మాణం అన్నీ కలుపుకున్నా యూనిట్‌కి సుమారు 12 గ్రాముల కార్బన్ డయాక్సైడే అని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం ఐపీసీసీ 2014 నివేదిక అంచనా. బొగ్గుకి అది 820 గ్రాములు. అంటే బొగ్గు కేంద్రం బదులు వస్తే లాభం చాలా పెద్దది. గాలిమరల బదులు వస్తే ఆ లాభం లేనట్టే, ఎందుకంటే వాటి లెక్కా దాదాపు అంతే. కాకపోతే గాలి లేని రాత్రి కూడా అణు కేంద్రం నడుస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆలస్యం. ఫిన్లాండ్‌లో ఓల్కిలువోటో మూడో రియాక్టర్ పనులు 2005లో మొదలైతే, పూర్తిస్థాయి ఉత్పత్తి 2023లో వచ్చింది. చెర్నోబిల్, ఫుకుషిమా అణు ప్రమాదాలు చూసినవాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయను, వేల ఏళ్లు కాపాడాల్సిన వ్యర్థాల సంగతి కూడా చిన్నది కాదు. అయినా బొగ్గు ఇంకా మండుతుండగానే జర్మనీ 2023 ఏప్రిల్‌లో తన చివరి 3 రియాక్టర్లను ఆపేసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. కొత్తవి కట్టడం మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు, భద్రంగా నడుస్తున్నవాటిని బొగ్గు కంటే ముందు మూయడం మాత్రం తప్పనే అనుకుంటున్నాను.

మీరు రోజుకి ఎంత దూరం, ఎలాంటి రోడ్డు మీద తిరుగుతారో, ఇంట్లో చార్జింగ్‌కి వీలుందో లేదో రాయండి. కారు విషయం ఇంకాస్త వివరంగా చెప్పగలను.