సీబీ రేడియో ట్యూనింగ్‌కి ఏ షాపును నమ్మాలి?

"4 వాట్ల సీబీ (సిటిజన్స్ బ్యాండ్, ట్రక్కు డ్రైవర్ల లాంటివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే) రేడియోని 16 వాట్లు చేసిస్తాం" అన్న షాపుకి ఇవ్వాలా అని అడిగారు కదండీ, నేనైతే ఇవ్వను. అమెరికాలో సీబీలో మామూలుగా వాడే ఏఎం పద్ధతికి చట్టం ఒప్పుకునేదే 4 వాట్లు. పైగా 16 అయినా అవతలివాళ్ల రేడియోలో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్‌లో పెరిగేది ఒక్క గీతే. ఇంకాస్త గట్టిగా వినిపించాలని కొందరు మాట సిగ్నల్ హద్దు దాటకుండా ఆపే మాడ్యులేషన్ లిమిటర్‌ని కత్తిరించేస్తారు. అప్పుడు మాట బొంగురుపోయి పక్క చానెళ్ల మీద పడుతుంది.

షాపుకి ఫోన్ చేసి "లిమిటర్ ముట్టుకుంటారా?" అని అడగండి. "అది తీసేస్తేనే కదా సౌండ్!" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. మంచి మెకానిక్ యాంటెన్నాకి బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించి, ఫ్రీక్వెన్సీ, పవర్, మాడ్యులేషన్ ముందు ఎంత, తర్వాత ఎంత అని కాగితం మీద రాసిస్తాడు. కొత్త సెట్ అయితే మూత తీస్తే వారంటీ పోతుందేమో ముందే తేల్చుకోండి.

అసలు మీ బాధ దూరం వెళ్లకపోవడమే అయితే ముందు యాంటెన్నా చూడండి. యాంటెన్నా నుంచి పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్‌ని 1, 40 చానెళ్లలో కొలవండి. 1లో ఎక్కువ చూపిస్తే యాంటెన్నా పొట్టిదైనట్టు, 40లో ఎక్కువైతే పొడవైనట్టు. 1.5 లోపుంటే చాలు. 3 దాటితే మాత్రం మైక్ బటన్ నొక్కకండి, యాంటెన్నాకి పవర్ పంపే ఫైనల్ ట్రాన్సిస్టర్ కాలిపోవచ్చు.