సికిల్ సెల్ క్యాంపులో ‘పాజిటివ్’ అంటే జబ్బేనా?

పాడేరులో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే, వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) క్యాంపులో పాపకి పాజిటివ్ అన్నారనీ, విశాఖ తీసుకొచ్చామనీ, జీన్ ఎడిటింగ్‌తో (జన్యువును కత్తిరించి మార్చే చికిత్సతో) నయమవుతుందా అనీ అడిగారు.

ముందు జబ్బని ఖాయం చేసుకోకండి. క్యాంపుల్లో ఎక్కువగా చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. 2 మి.లీ. ద్రావణంలో 20 మైక్రోలీటర్ల రక్తం కలిపి, 5 నిమిషాలాగి, ట్యూబు వెనక గీతల కార్డు పెట్టి చూస్తారు. గీతలు కనపడకపోతే పాజిటివ్. చిక్కేమిటంటే, వాహకుల (జబ్బు జన్యువు ఒక్కటే ఉండి, జబ్బు లేనివాళ్ల) రక్తమూ జబ్బున్నవాళ్ల రక్తమూ ఒకేలా మసకబారతాయి. ఆరు నెలల లోపు పసివాళ్లలో, రక్తం బాగా తక్కువున్నవాళ్లలో ఉన్నా లేనట్టే రావచ్చు.

తేల్చేది హెచ్‌పీఎల్‌సీ, అంటే రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో విడదీసి కొలిచే ల్యాబ్ పరీక్ష. సికిల్ రకమైన హిమోగ్లోబిన్ ‘ఎస్’ 40 శాతం లోపుండి, మామూలు రకమైన ‘ఏ’ అంతకన్నా ఎక్కువుంటే సాధారణంగా వాహకురాలే, మందులక్కర్లేదు. ‘ఎస్’ ఎక్కువై, ‘ఏ’ దాదాపు లేకపోతే జబ్బు. రక్తం ఎక్కించి మూడు నెలలు కాలేదా? తప్పకుండా చెప్పండి. దాత రక్తం కలిసి జబ్బు కాస్తా వాహకంలా కనపడుతుంది.

జీన్ ఎడిటింగ్ చికిత్స ‘కాస్‌జెవీ’కి 2023లో అమెరికా అనుమతిచ్చింది, అప్పట్లో 12 ఏళ్లు నిండినవాళ్లకే. రక్తకణాలను పుట్టించే మూలకణాలు బయటికి తీసి, పిండ హిమోగ్లోబిన్‌ను (కడుపులో ఉన్నప్పుడు బిడ్డకుండే రకాన్ని) ఆపే బీసీఎల్11ఏ జన్యువును ఎర్రకణాల్లో అణిచేలా కత్తిరిస్తారు. దాంతో పిండ హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ఆ కణాలను తిరిగి ఎక్కించే ముందు ఎముక మజ్జను కీమోతో ఖాళీ చేయాలి, దానివల్ల సంతానలేమి ప్రమాదముంది. సికిల్ సెల్ జబ్బుకి ఇప్పటికే వాడే హైడ్రాక్సీయూరియా క్యాప్సూల్ కూడా ఆ పిండ హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. జబ్బని తేలి డాక్టరు అది రాస్తే, కొత్త చికిత్స వస్తుందని మాత్రం ఆపకండి.