ఇరవై ఒక్క రోజుల లెక్క జారనివ్వకు

బాబూ,

నీ వృషణ క్యాన్సర్‌కి కీమో వచ్చే సోమవారం నుంచి అని మీ అమ్మ చెప్పింది. అంటే రేపు పిల్లల కోసం వీర్యం దాచుకోవడానికి నీకున్నది ఈ వారమే. పెళ్లి ఊసు ఇంకా లేదు కదా అని బద్ధకించకు. ఒకటి రెండు రోజుల ఎడంతో రెండు మూడు శాంపిళ్లు ఇచ్చి రా.

నీకు రాసింది బీఈపీ, మూడు కీమో మందుల కలయిక. సిస్‌ప్లాటిన్, ఎటోపొసైడ్ మొదటి ఐదు రోజులూ వరసగా ఎక్కిస్తారు. బ్లియోమైసిన్ వారానికోసారి. 21 రోజులకో సైకిల్, అంటే ఒక విడత. జబ్బు తీవ్రత చెప్పే రిస్క్ గ్రూపును బట్టి మూడో నాలుగో. వృషణం దాటి పాకాక కూడా నయమయ్యే క్యాన్సర్ ఇది. కానీ సైకిళ్లు వేళకు పడాలి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రి అయినా, నిమ్స్ అయినా, బోనాలొచ్చాయనో చుట్టాలింట్లో పెళ్లనో నువ్వు తేదీ జరపకు. జరపాల్సి వస్తే ఆ మాట డాక్టరే అనాలి.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద పడుతుంది, అందుకే అన్ని సెలైన్ బాటిళ్లు. ఇంటికొచ్చాక నీళ్లు కూడా కడుపులో నిలవనంత వాంతులైతే తెల్లారేదాకా ఆగకు. చెవుల్లో గుయ్‌మంటున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా చెప్పు. వీధి చివరి క్లినిక్‌లో అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూదులు వేయించుకోవద్దు; అవీ మూత్రపిండాలనూ చెవులనూ దెబ్బతీసేవే.

బ్లియోమైసిన్ పడిన రాత్రి చలిజ్వరం మామూలే, అయినా వార్డుకు ఫోన్ చెయ్యి. అసలు భయం సైకిల్ మొదలైన పదో రోజు తర్వాత. ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు అడుగంటేది అప్పుడే. థర్మామీటర్ 100.4 చూపిస్తే పారాసిటమాల్ మింగి పడుకోకు. మాత్రతో అంకె దిగుతుంది, ఇన్ఫెక్షన్ దిగదు. అర్ధరాత్రయినా ఆటో ఎక్కు.

పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం వస్తే తర్వాతి బ్లియోమైసిన్‌కి ముందే చెప్పాలి, ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయేమో చూస్తారు. ఇరానీ చాయ్ తాగు, పక్కన సిగరెట్ మాత్రం వద్దు.

రక్తంలో ఈ క్యాన్సర్ జాడ చెప్పే మార్కర్లు ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్. వాటి అంకెలు తేదీలవారీగా ఒకే కాగితం మీద రాసుకో, పరీక్ష ఒకే ల్యాబ్‌లో చేయించు. మొదటి వారం పెరిగితే గాభరా పడకు, కణాలు చస్తున్నప్పుడు అలా పొంగడం ఉంది. సైకిల్ సైకిల్‌కీ దిగుతున్నాయా అన్నదే లెక్క.

నీది నాన్‌సెమినోమా అనే రకం వృషణ క్యాన్సర్. సైకిళ్లన్నీ అయ్యాక సీటీ స్కాన్‌లో సెంటీమీటరు మించిన గడ్డ మిగిలితే, మార్కర్లు మామూలైనా సరే, కోసి తీయాలంటారు. అలాంటివి తరచూ చేసే సర్జన్‌నే వెతుక్కో. బ్లియోమైసిన్ మొత్తం ఎన్ని యూనిట్లు పడిందో రాసి ఫైలు పైపేజీలో పెట్టు, మత్తు డాక్టరుకి నోటితోనూ చెప్పు: ఆ మందు పడ్డ ఊపిరితిత్తులకు ఆక్సిజన్ అవసరానికి మించి ఇవ్వకూడదు.

ఇట్లు,
పెదనాన్న