ఫెర్న్‌ల వర్గీకరణ డీఎన్ఏతో తేలిపోయిందా? ఇంకా చేయడానికి పని ఉందా?

మీరు అడిగినవి మూడు: టెరిడోఫైటా అనే విభాగాన్ని ఎందుకు ఎత్తేశారు, ఫెర్న్‌ల పేర్లు పుస్తకానికో రకంగా ఎందుకుంటున్నాయి, డీఎన్ఏ వచ్చాక ఈ రంగంలో పీహెచ్‌డీకి పని మిగిలుందా అని. మొదటి రెండింటికీ జవాబు చిన్నది. మూడోదే అసలు సంగతి. నేను కొన్నేళ్ళు ఫెర్న్‌ల వర్గీకరణ మీద పనిచేసే ల్యాబ్‌లో ఉన్నాను. సగం కాలం హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల షీట్లు దాచే చోటు) అల్మారాల దగ్గర, సగం కాలం డీఎన్ఏ నకళ్ళు తీసే పీసీఆర్ మెషీన్ దగ్గర గడిచింది. ఇప్పుడా రంగంలో లేను, కాబట్టి ఎవరి పక్షమూ వహించాల్సిన అవసరం లేదు.

టెరిడోఫైటా సంగతి ముందు. నాళికా కణజాలం ఉండి, విత్తనాలు లేకుండా, సిద్ధబీజాలతో (స్పోర్లతో) వ్యాపించే మొక్కలన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. విత్తనం లేదన్న ఒక్క కారణంతో కట్టిన గుంపు అది, అందుకే నిలవలేదు. లైకోపోడియం, సెలాజినెల్లా, ఐసోయిటిస్ కలిసి ఒక శాఖ. వీటినే లైకోఫైట్లు అంటున్నాం. మిగిలిన నాళికా మొక్కలన్నీ, అంటే ఫెర్న్‌లు, వివృతబీజాలు (సైకస్, పైన్ లాంటివి), పూల మొక్కలు కలిసి రెండో శాఖ. ఈ రెండు శాఖలూ విడిపోయి 40 కోట్ల ఏళ్ళు దాటింది. అంటే ఫెర్న్‌కు సెలాజినెల్లా కన్నా గులాబీయే దగ్గరి చుట్టం. 1992లో లిండా రాబెసన్, రాబర్ట్ జాన్సెన్ హరితరేణువు డీఎన్ఏలో దీనికి గట్టి ఆధారం చూపించారు. సుమారు 30 వేల బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) పొడవున్న ఒక ముక్క లైకోఫైట్లలో, మాస్ లాంటి నాళికలు లేని మొక్కల్లో ఒక దిశలో ఉంటే, ఫెర్న్‌లలోనూ విత్తన మొక్కల్లోనూ తిరగబడి ఉంది. అంత పెద్ద ముక్క సరిగ్గా అదే చోట రెండుసార్లు విడివిడిగా తిరగబడుతుందని అనుకోలేం. ఆకారం కూడా ఈ మాటే చెబుతుంది. లైకోఫైట్ల చిన్న ఆకులో సాధారణంగా ఒకే ఈనె ఉంటుంది, సిద్ధబీజాశయం (సిద్ధబీజాలుండే సంచి) ఆకు పైవైపునో ఆకు మొదట్లోనో ఉంటుంది. ఫెర్న్‌లలో ఎక్కువగా ఆకు అడుగున వెతుక్కోవాలి.

సైలోటం అనే మొక్క కథ ఇంకా బాగుంటుంది. వేళ్ళు లేవు, చెప్పుకోదగ్గ ఆకులూ లేవు, కాండం రెండుగా చీలుకుంటూ పోతుంది. తొలి నాళికా మొక్కల్లో ఒకటైన రైనియా శిలాజంతో పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే దాన్ని తొలి నాళికా మొక్కల్లో ఇప్పటిదాకా బతికి మిగిలిన ఒక్కటిగా చాలాకాలం చెప్పుకున్నారు. డీఎన్ఏ చూస్తే అది ఓఫియోగ్లాసం అనే ఫెర్న్ పక్కన చేరింది. అంటే వేళ్ళు, ఆకులు మొదటి నుంచీ లేనివి కావు, తర్వాత పోయినవి. 2001లో క్యాథ్లీన్ ప్రైయర్ బృందం ‘నేచర్’ పత్రికలో రాసిన వ్యాసం సైలోటంనూ ఈక్విసిటం అనే మరో మొక్కనూ కూడా ఫెర్న్‌ల శాఖలోకే తెచ్చింది. ఈ రెండూ "ఫెర్న్‌ల బంధువులు" అని మీ పుస్తకంలో ఉంటే ఆ పుస్తకం పాతది.

ఇక పేర్లు. 2016లో టెరిడోఫైట్ ఫైలోజెనీ గ్రూప్ పేరుతో 94 మంది పరిశోధకులు కలిసి ఒక ఉమ్మడి వర్గీకరణ ప్రకటించారు. మేమంతా దాన్ని పీపీజీ అనేవాళ్ళం. అందులో రెండు తరగతులు, 14 క్రమాలు, 51 కుటుంబాలు, 337 ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు), 11,916 జాతులు ఉన్నాయి. జాతుల్లో లైకోఫైట్ల వాటా 1,338 మాత్రమే, మిగతావన్నీ ఫెర్న్‌లు. అంతమంది సంతకం చేసినా గొడవ ఆగలేదు. 2018లో మార్టెన్ క్రిస్టెన్‌హస్, మార్క్ చేజ్ ‘టాక్సన్’ పత్రికలో పీపీజీ మరీ ఎక్కువ ప్రజాతులు కట్టిందని రాశారు. అదే ఏడాది అదే పత్రికలో పీపీజీ తరఫువాళ్ళు జవాబిచ్చారు. వాళ్ళ తగవు ఎవరు ఎవరికి చుట్టమన్న దాని మీద కాదని గమనించండి. పరిణామ వృక్షం ఇద్దరికీ దాదాపు ఒకటే. ఏ కొమ్మ దగ్గర గీత గీసి "ఇది ఒక ప్రజాతి" అనాలన్నదే తగవు. దీన్ని ఏ ప్రయోగమూ తేల్చదు, ఎందుకంటే ప్రజాతికి కొలబద్ద ప్రకృతిలో లేదు. నా మటుకు నాకు పీపీజీ పేర్లే నయం. అవి అన్నిటికన్నా సరైనవని కాదు, ఎక్కువమంది వాడుతున్నారు కాబట్టి రేపు మీ వ్యాసం చదివేవాళ్ళు తడుముకోరు.

అయితే కొన్ని పేర్లు మారక తప్పదు. కీలాంథిస్ ప్రజాతినే తీసుకోండి. పొడి నేలల్లో, రాతి చీలికల్లో పెరిగే ఫెర్న్‌లకు చిన్న పత్రకాలు, లోపలికి ముడుచుకున్న అంచులు, నూగు, పొలుసులు పనికొస్తాయి. ఈ లక్షణాలు వేర్వేరు వంశాల్లో పదే పదే పుట్టాయి. పోలికలు చూసి అన్నిటినీ కీలాంథిస్ అన్నారు. డీఎన్ఏ చూశాక ఆ గుంపు పరిణామ వృక్షమంతా చెల్లాచెదురుగా ఉందని తేలింది. అలా విడదీసిన ముక్కల్లో ఒకదానికి 2012లో గాయని లేడీ గాగా పేరు మీద "గాగా" అని పెట్టారు. దాని డీఎన్ఏలో ఒకచోట జీ, ఏ, జీ, ఏ అక్షరాలు వరసగా రావడం కూడా ఒక సాకు. దీనికి ఎదురు ఉదాహరణ అడియాంటం. పలచటి విసనకర్రల్లాంటి పత్రకాలుండే ఈ ఫెర్న్‌కు అతి దగ్గరి బంధువులు విట్టారియా గుంపు, అంటే చెట్ల మీద గడ్డిపోచల్లా వేలాడేవి. పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎవరూ నమ్మరు.

ఇప్పుడు మూడో ప్రశ్న. పెద్ద కొమ్మలు చాలావరకు తేలాయి, నిజమే. చిక్కంతా కొసల్లో ఉంది. అక్కడికొచ్చేసరికి పరిణామ వృక్షం చెట్టులా ఉండదు, వలలా అల్లుకుపోతుంది. ఫెర్న్‌లలో సంకర జాతులు విపరీతం. రెండు జాతులు కలిస్తే పుట్టే మొక్క సాధారణంగా గొడ్డుది, ఎందుకంటే సిద్ధబీజాలు తయారయ్యేటప్పుడు జరిగే క్షయకరణ విభజనలో దాని క్రోమోజోములకు జోడీ దొరకదు. కానీ ఎప్పుడో ఒకసారి క్రోమోజోముల సంఖ్య రెట్టింపైతే ప్రతిదానికీ జోడీ దొరుకుతుంది, ఆ మొక్క సొంతంగా ఒక కొత్త జాతి అయిపోతుంది. దీనికి పాఠ్య ఉదాహరణ అమెరికాలోని అప్పలాచియన్ కొండల ఆస్ప్లీనియం గుంపు. 1954లో వారెన్ వాగ్నర్ తేల్చింది ఇదీ: మూల జాతులు మూడే, అవి మోంటానం, ప్లాటీన్యూరాన్, రైజోఫిల్లం. మిగతావి వీటి కలయికలు. మొదటి రెండింటికీ పుట్టింది బ్రాడ్లియై, మొదటిదానికీ మూడోదానికీ పుట్టింది పిన్నాటిఫిడం. ఆయన దగ్గరున్నవల్లా ఆకుల ఆకారం, క్రోమోజోముల లెక్కలు, సిద్ధబీజాల పరిశీలన. 1980ల్లో ఎంజైముల పరీక్షలు చేసినవాళ్ళు ఆ లెక్క సరైనదేనన్నారు.

ఇక్కడ డీఎన్ఏ చేసే మోసం ఒకటుంది, కొత్తగా వచ్చేవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. మనం చాలాకాలం వాడిన ఆర్‌బీసీఎల్ లాంటి జన్యువులు హరితరేణువులోవి. పరీక్షించిన ఫెర్న్‌లలో ఎక్కువగా హరితరేణువు తల్లి నుంచే వస్తుంది. కాబట్టి సంకర మొక్కను పరీక్షిస్తే తల్లి పేరే తెలుస్తుంది, తండ్రి ఆనవాలు ఉండదు. అందమైన పరిణామ వృక్షం వస్తుంది, కానీ అది సగం కథే. తండ్రి కావాలంటే కేంద్రక జన్యువులు చదవాలి. బహుస్థితిక మొక్కలో (క్రోమోజోముల సెట్లు రెండుకన్నా ఎక్కువున్న దానిలో) ఒక్కో జన్యువుకు నాలుగైదు నకళ్ళు వస్తాయి, ఏ నకలు ఏ తాతదో విడదీయడానికి వారాలు పడుతుంది. మా ల్యాబ్‌లో అందరూ తప్పించుకోవాలని చూసిన పని అదే. ఇప్పుడు పొడవాటి వరసలు చదివే మెషీన్లొచ్చాయి కాబట్టి కొంత తేలికైంది.

సంకరం ఎంత దూరం పోతుందో చూడండి. ఫ్రాన్స్ వైపు పైరనీస్ కొండల్లో దొరికిన ఒక ఫెర్న్‌ను 2015లో కార్ల్ రాత్‌ఫెల్స్ బృందం పరీక్షిస్తే, అది జిమ్నోకార్పియం, సిస్టోప్టెరిస్ అనే రెండు ప్రజాతులకు పుట్టిన సంకరమని తేలింది. ఆ రెండు వంశాలూ విడిపోయి సుమారు 6 కోట్ల ఏళ్ళు. మనిషికీ లీమర్‌కీ సంతానం కలిగినట్టే అనుకోవచ్చు. జాతి అంటే ఏమిటో పుస్తకంలో ఇచ్చే నిర్వచనాన్ని దీని ముందు పెట్టి చూడండి.

మీరు అనుకుంటున్నట్టు మైక్రోస్కోప్ మూలన పడలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతికి ఒక సూది, ఒక గాజు పలక చాలు. పగలని సిద్ధబీజాశయాన్ని ఒకదాన్ని తీసి చిదిపి, లోపలి సిద్ధబీజాలు లెక్కపెట్టడం. మామూలుగా లైంగిక పద్ధతిలో పెరిగే లెప్టోస్పోరాంజియేట్ (పలచటి గోడ సిద్ధబీజాశయాలుండే) ఫెర్న్‌లో 64 ఉంటాయి. ఫలదీకరణ లేకుండానే తరం గడిపే జాతుల్లో ఎక్కువగా 32. ముద్దకట్టి, వంకరపోయి కనిపిస్తే సంకరమని అనుమానించాలి. సిద్ధబీజం పరిమాణాన్ని బట్టి క్రోమోజోముల సెట్లు ఎన్నో కొంత ఊహించవచ్చు కూడా. వందేళ్ళ కిందటి హెర్బేరియం షీట్ మీద కూడా ఈ పరీక్ష పనిచేస్తుంది. డీఎన్ఏ చిన్నచిన్న ముక్కలైపోయిన షీట్లు కూడా ఇలా మాట్లాడతాయి. షీట్ నుంచి ముక్క తీయడానికి మాత్రం క్యూరేటర్ అనుమతి ఉండాలి, అది అడక్కుండా ముట్టుకోవద్దు.

క్రోమోజోముల విషయం ఇప్పటికీ చిక్కుముడే. పూల మొక్కల్లో సగటు ఏకస్థితిక సంఖ్య (లైంగిక కణంలో ఉండే క్రోమోజోముల లెక్క) 16 దగ్గర ఉంటే, ఒకే రకం సిద్ధబీజాలున్న ఫెర్న్‌లలో అది 57 దగ్గర ఉంటుంది. ఓఫియోగ్లాసం రెటిక్యులేటంలో ఒక్కో కణంలో 1,200 పైచిలుకు లెక్కపెట్టారు. ఇన్ని ఉంటే జన్యువులకూ అన్ని జతలుండాలి. కానీ ఎంజైములు పరీక్షిస్తే ఈ ఫెర్న్‌లలో చాలా జాతులు రెండే సెట్లున్న మామూలు ద్వయస్థితిక మొక్కల్లాగే కనిపిస్తాయి. అదనపు నకళ్ళు మూగబోతాయి, క్రోమోజోములు మాత్రం తగ్గవు. ఎందుకు తగ్గవన్నది తేలలేదు. 2022లో సెరటోప్టెరిస్, అడియాంటం, అల్సోఫిలా ఫెర్న్‌ల జన్యురాశులు (జీనోమ్‌లు) చదవడంతో ఈ ప్రశ్నకు ఇప్పుడే సరంజామా సమకూరుతోంది. 2024లో న్యూ కాలెడోనియాకు చెందిన ట్మెసిప్టెరిస్ ఓబ్లాన్సియొలాటా అనే ఫెర్న్ జన్యురాశిని కొలిస్తే 160 గిగాబేస్‌లని, అంటే 16,000 కోట్ల డీఎన్ఏ అక్షరాలని తేలింది. మనిషిదానికి 50 రెట్లు పైనే. తెలిసిన జీవులన్నిటిలో అదే పెద్దది. లైకోఫైట్లలో సెలాజినెల్లా మాత్రం దీనికి పూర్తిగా ఎదురు. 2011లో చదివిన సెలాజినెల్లా మోలెండార్ఫై జన్యురాశి దాదాపు 0.1 గిగాబేస్ మాత్రమే.

మనుషులు తక్కువగా చూస్తున్నది సంయోగబీజదాన్ని. ఫెర్న్ అనగానే ఆకు గుర్తొస్తుంది గానీ, వేలిగోరంత పచ్చటి పొర, అదే సంయోగబీజదం, దాని సగం జీవితం. విట్టారియా అప్పలాచియానా ఆ పొరగానే బతుకుతుంది, చిన్న మొగ్గల్లాంటి జెమ్మాలతో వ్యాపిస్తుంది, పూర్తి ఫెర్న్ మొక్కగా ఎదిగి కనిపించదు. వాండెన్‌బోషియా స్పెసియోసా పూర్తి మొక్కలు ఐరోపాలో ఎక్కడో కొన్ని చోట్లే ఉంటే, సంయోగబీజదాలు ఎంతో దూరం దాకా పరుచుకుని ఉన్నాయి. వీటిని కంటితో జాతి దాకా గుర్తుపట్టడం చాలా కష్టం, డీఎన్ఏ నిజంగా కొత్త కిటికీ తెరిచింది ఇక్కడే. ఫెర్న్ ఎక్కడుందో చూపే మ్యాపుల్లో చాలా భాగం ఆకుల మ్యాపులే.

పీహెచ్‌డీకి అంశం కావాలంటే నా సలహా ఇదీ. లైకోఫైట్లకూ ఫెర్న్‌లకూ ఉన్న సంబంధం లాంటి పెద్ద ప్రశ్న జోలికి పోవద్దు, దానికి వెయ్యి జన్యువుల డేటా ఉన్న బృందాలున్నాయి. ఆకారాన్ని బట్టి రెండో మూడో జాతులుగా రాసిపెట్టి, హెర్బేరియంలో మాత్రం ఎటూ తేలని షీట్లు కుప్పలుగా పడి ఉన్న చిన్న గుంపు ఒకటి ఎంచుకోండి. సిద్ధబీజాల లెక్క, క్రోమోజోముల లెక్క, హరితరేణువు జన్యువు, కొన్ని కేంద్రక జన్యువులు, ఈ నాలుగూ ఒకే మొక్క మీద చేయండి. ఒక్కో పరీక్ష ఒక్కో మొక్క మీద చేసిన వ్యాసాలు చాలా చూశాను, వాటిని కలిపి చదవడం కుదరదు.

సేకరించిన ప్రతి మొక్కకూ వౌచర్ షీట్, అంటే ఆధారంగా దాచే ఎండు నమూనా, పెట్టండి. పబ్లిక్ డేటాబేస్‌లో ఒక జాతి పేరుతో ఉన్న డీఎన్ఏ వరస మా చెట్టులో ఎక్కడో సంబంధం లేని కొమ్మ మీద వాలింది. షీట్ తెప్పించి చూస్తే ఒక్క గొడ్డు ఆకే అంటించి ఉంది, సోరస్‌లు (సిద్ధబీజాశయాల గుత్తులు) లేవు, వేరుకాండం లేదు. ఆ పేరు తప్పో ఒప్పో చెప్పే దారే లేదు, వరసను పక్కన పెట్టేయాల్సొచ్చింది. కాబట్టి షీట్‌లో సోరస్‌లున్న ఆకు, గొడ్డు ఆకు, పొలుసులతో సహా వేరుకాండం ముక్క మూడూ ఉండాలి. డీఎన్ఏ కోసం అదే ఆకు నుంచి సిలికా జెల్‌లో వేసిన ముక్కకు అదే నంబరు వేయండి. సిద్ధబీజాశయాలు లేతపచ్చగా ఉండగా కొన్నిటిని ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం మిశ్రమంలో వేస్తే క్రోమోజోములు లెక్కపెట్టడానికి పనికొస్తాయి. గోధుమరంగు తిరిగాయంటే విభజన అయిపోయినట్టే, ఇక వచ్చే సీజన్ దాకా ఆగాలి.

మీ మనసులో ఏదైనా గుంపు ఉంటే కింద రాయండి. దాని మీద ఇప్పటికే ఎంత పని జరిగిందో నాకు తెలిసినంతలో చెబుతాను.