డబ్బులు కట్టేముందు అట్టముక్క కోసి చూడు

ఒరేయ్ అల్లుడూ,

నీ గేమింగ్ కంప్యూటర్‌కి మార్చాలని నువ్వు పంపిన లిస్టు చూశాను. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ అన్నీ కొత్తవే రాసేశావ్. లెక్కేస్తే లక్ష దాటింది, చేతిలో ఉన్నవి 60 వేలు, మిగతాది ఈఎమ్ఐ పెట్టుకుంటా అంటున్నావ్. వద్దురా, ఉద్యోగం వచ్చి ఇంకా ఏడాది కాలేదు, పైగా నీకు అంత అవసరం కూడా లేదు, ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు.

ముందు ఈ రాత్రి ఒక పని చెయ్యి. నువ్వు ఎక్కువ ఆడే గేమ్ పెట్టి, స్క్రీన్ మూల అంకెలు కనబడేట్టు పెట్టుకుని, కార్డు వాడకం ఎంత శాతం ఉందో అరగంట చూడు. 97, 98 దగ్గరే నిలబడిందంటే కార్డుకి దమ్ము చాలట్లేదని. 60, 70 దగ్గర ఊగుతూ ఫ్రేములు (సెకనుకి మారే బొమ్మలు) సరిగా రావట్లేదంటే ప్రాసెసర్ వెనకబడిందని. నీ కార్డు జీటీఎక్స్ 1660 సూపర్ 2019 నాటిది, అందులో ఉన్నది 6 జీబీ మెమరీ, ఇప్పటి పెద్ద గేములకి అదే ముందు చేతులెత్తేస్తుందని నా నమ్మకం. కానీ నా నమ్మకం మీద డబ్బు పెట్టకు, అంకె చూసి పెట్టు.

ఇక అసలు సంగతి. నీది పెద్ద క్యాబినెట్ అయితే నేను ఇంత పొడుగు ఉత్తరం రాసేవాణ్ణి కాదు. నువ్వు ముచ్చటపడి కొనుక్కున్నది అరచేతులతో ఎత్తగలిగే చిన్న డబ్బా, అందులో బోర్డు 170 మిల్లీమీటర్ల చదరం, కార్డు గోడకి అవతలివైపు, దాన్ని బోర్డుకి కలిపే రైజర్ కేబుల్ మీద కూర్చుంటుంది. ఇలాంటి దాంట్లో ఏది ఫాస్టు అని కాదు, ఏది పడుతుంది, ఎంత వేడి పుట్టిస్తుంది అన్నదే మొదటి ప్రశ్న.

నాకు తగిలిన దెబ్బ చెప్తా. చాలా ఏళ్ల కిందట నా చిన్న డబ్బాకి కార్డు కొన్నా. పొడవు కొలిచాను, సరిపోయింది, షాపతను కూడా పడుతుందన్నాడు. ఇంటికొచ్చి బిగించాక చూస్తే కార్డు పట్టింది గానీ దాని పైఅంచు నుంచి పవర్ ప్లగ్గు బయటికి పొడుచుకొచ్చి పక్క తలుపు మూసుకోలేదు. ఆ వైరు మడవడానికి కనీసం రెండు సెంటీమీటర్లు కావాలని అప్పుడు నాకు తట్టలేదు. బాక్స్ సీల్ తీశాక వాపసు తీసుకోరు కదా, విజయవాడ ఎండాకాలం మొత్తం తలుపు తీసే నడిపాను, మూడు నెలలకి వేడి లాగే హీట్‌సింకు రెక్కల మధ్య దుమ్ము పీచులా పేరుకుపోయింది.

అందుకే అట్టముక్క. ఇంట్లో ఏదో ఒక పార్శిల్ డబ్బా ఉంటుంది కదా, దాన్ని కోసి నువ్వు కొనాలనుకున్న కార్డు కొలతల్లో పొడవు, వెడల్పు, మందం మూడూ ఉండేలా మడిచి టేపేసి పెట్టె చెయ్యి. కొలతలు కంపెనీ పేజీలోనే మిల్లీమీటర్లలో ఇస్తారు. రెండు స్లాట్ల కార్డు అంటే 40 దాకా, రెండున్నర అంటే 50 దాకా మందం. ప్లగ్గు వచ్చే చోట ఇంకో 25 మిల్లీమీటర్ల ముక్క అతికించు. ఇప్పుడున్న కార్డు తీసి దాన్ని లోపల పెట్టి తలుపు మూసి చూడు. మూసుకుంటేనే కొను.

కార్డులో నీకు చెప్పేది రెండే పేర్లు, ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ, ఆర్టీఎక్స్ 5060 టీఐ, ఏదైనా 16 జీబీదే. రెండూ 2025లో వచ్చినవే. మొదటిది 160 వాట్లు, రెండోది 180. 8 జీబీది చవగ్గా దొరుకుతుంది, దాని జోలికి పోకు, నీ విషయంలో ప్రత్యేకంగా చెప్తున్నా ఎందుకంటే నీ బీ450 బోర్డులో కార్డుకి వెళ్లే దారి, అంటే పీసీఐఈ, పాత మూడో తరంది, 5060 టీఐ ఏమో అందులో ఎనిమిది లేన్లే (వరసలే) వాడుకుంటుంది. కార్డులో మెమరీ నిండి పొంగినప్పుడు ఆ సరుకంతా ఆ సన్న రోడ్డు మీదే ర్యామ్‌కి పోయి రావాలి, గేమ్ మధ్యలో జర్కులు కొట్టేది అప్పుడే. 9060 ఎక్స్‌టీకి 16 లేన్లుంటాయి, అందుకని నీ బోర్డుకి నా ఓటు దానికే. రెండు ఫ్యాన్ల చిన్న మోడల్ చూసుకో, మూడు ఫ్యాన్లది అందంగా ఉన్నా నీ డబ్బాలో ఇరుక్కుంటుంది. ఇంకోటి, రైజర్ కేబుల్ కూడా మూడో తరందే కాబట్టి నీ బోర్డుతో దానికి పేచీ ఉండదు.

ఎస్ఎంపీఎస్ మార్చక్కర్లేదు. నీది 450 వాట్ల ఎస్ఎఫ్ఎక్స్ గోల్డ్ (చిన్న సైజుది, కరెంటు తక్కువ వృథా చేసేది), ఈ కార్డుకి, నీ ప్రాసెసర్‌కి బోలెడు. ఒకవేళ ఎప్పుడన్నా మారిస్తే మాత్రం పాత కేబుళ్లు లోపలే బాగా సర్ది ఉన్నాయి కదా అని కొత్తదానికి గుచ్చకు. డ్రైవు వైపు ప్లగ్గు అందరిదీ ఒకటే గానీ ఎస్ఎంపీఎస్ వైపు ఏ పిన్నులో ఏ వోల్టేజీ అన్నది కంపెనీకోరకం. నా ఫ్రెండు ఒకడు అలా గుచ్చి రెండు ఎస్ఎస్‌డీలు కాల్చుకున్నాడు, వాళ్ల పాప చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే పోయాయి.

ప్రాసెసర్ ఇప్పుడే వద్దు, కార్డు పెట్టి నెలరోజులు ఆడాక చూద్దాం. అప్పటికీ నీ రైజెన్ 5 3600 వెనకబడుతోందంటే అదే సాకెట్‌లో పట్టే 5700ఎక్స్3డీ దొరుకుతుందేమో చూడు, సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరుగు. సెకండ్ హ్యాండ్ అయితే లైటు కింద పట్టుకుని పిన్నుల వరసలు ఒక్కోటి ఏటవాలుగా చూడు, ఒక్కటి వంగినా తెలిసిపోతుంది. అలా చేస్తే కొత్త బోర్డు, దానికి కొత్త రకం డీడీఆర్5 ర్యామ్ కొనే పని తప్పుతుంది, 2025 చివర్నించి ర్యామ్ ధరలు ఎలా మండిపోతున్నాయో నువ్వే చూస్తున్నావ్ కదా.

అది మార్చే రోజున వరస తప్పకు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (బోర్డుని నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్యి, అది చెయ్యకుండా మార్చావంటే కొత్తది బోర్డుకి అర్థంకాక అసలు ఆన్ కాకపోవచ్చు. విండోస్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని కీ కాగితం మీద రాసిపెట్టుకో, ప్రాసెసర్ మారగానే అడుగుతుంది. కూలర్ పీకేముందు పది నిమిషాలు ఏదో గేమ్ ఆడి వేడెక్కనివ్వు, కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య పూసిన పేస్టు మెత్తబడుతుంది, ఆ తర్వాత పవర్ తీసేసి కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ తియ్యి. చల్లగా ఉన్నప్పుడు నిలువుగా లాగావంటే ప్రాసెసర్ కూడా దానికే అతుక్కుని సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగేది అప్పుడే.

కూలర్ ఎత్తు నీ డబ్బాలో 55 మిల్లీమీటర్లే. థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90 ఎక్స్47 అని ఒకటుంది, 47 ఎత్తు, అది పడుతుంది. 37 ఎత్తువి కూడా ఉన్నాయి గానీ మన మే నెలలో గదిలోనే 38 డిగ్రీలుంటే పాపం అవేం చేస్తాయి. డబ్బాని అలమరా అరలో తోసెయ్యకు, రెండు పక్కలా ఒక జానెడు గాలి వదులు. కార్డు పవర్ లిమిట్ పది శాతం తగ్గించి చూడు, ఫ్రేముల్లో తేడా పెద్దగా తెలీదు గానీ ఫ్యాన్ల మోత మాత్రం తగ్గుతుంది.

బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ రాయించుకో, రేపు వారంటీకి అదే అడుగుతారు.

ఆదివారం అట్టపెట్టె చేసి లోపల పెట్టి, పైనుంచి ఒకటి పక్కనుంచి ఒకటి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. స్కేలు కూడా ఫొటోలో పడాలి. నేను చూసి ఫోన్ చేసేదాకా ఎక్కడా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య