బెట్టింగ్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ చదివి, ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎంఎస్సీ డేటా అనలిటిక్స్ పూర్తి చేశాడు. ఇప్పుడు గ్రాడ్యుయేట్ వీసా మీద ఉండి గోడౌన్‌లో షిఫ్టులు చేస్తున్నాడు. ఆరు నెలలుగా ఉద్యోగం కోసం తిరుగుతున్నా రాలేదు. ఇప్పుడేమో బెట్టింగ్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ నేర్చుకుంటున్నానని, అది జూదం కాదని, షేర్ మార్కెట్ లాంటిదేనని అంటున్నాడు. కోర్సుకీ పెట్టుబడికీ కలిపి 4 లక్షలు పంపమంటున్నాడు. ఇది నిజంగా కెరీర్ అవుతుందా? దీని బదులు షేర్ల ట్రేడింగ్ నేర్చుకోమని చెప్పాలా? ఈ రెండింటినీ ఉద్యోగంతో పోల్చి చెప్పండి. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన లోన్ వడ్డీతో కలిపి 28 లక్షలైంది. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు.
– ఒక తండ్రి, జగిత్యాల

జవాబు: ముందు డబ్బు సంగతి చూద్దాం. ఆ 4 లక్షలు పంపకండి. కోర్సుకూ వద్దు, పెట్టుబడికీ వద్దు. లాటరీ టికెట్లకు, ఫుట్‌బాల్ పూల్స్, స్వీప్‌స్టేక్స్ లాంటి పందేలకు మన దేశం నుంచి డబ్బు పంపడాన్ని ఫెమా (విదేశీ మారకపు చట్టం) నిబంధనలే నిషేధించాయి. బ్యాంకులో చదువు ఖర్చు అని రాసి సంతకం పెట్టి, ఆ డబ్బు బెట్టింగ్ ఖాతాకు చేరితే అబద్ధం చెప్పినవాళ్లు మీరే అవుతారు. ఇల్లు ఇప్పటికే తాకట్టులో ఉంది. ఇంకో తలనొప్పి తెచ్చుకోకండి.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కొన్నేళ్ల క్రితం ఫారెక్స్ అని వచ్చేది, తర్వాత క్రిప్టో, ఆ తర్వాత ఆప్షన్స్. పేరు మారినా అడిగే గొంతులో టెన్షన్ మాత్రం ఒకటే. లోన్ తీరేదెలా, పిల్లాడు చేజారిపోతున్నాడా అన్నదే మీ అసలు భయం. దాని గురించి చివర్లో వివరంగా మాట్లాడతాను.

మీ అబ్బాయి చెప్పిందాంట్లో సగం నిజముంది. దాన్ని కొట్టిపారేస్తే మీతో మళ్లీ మనసు విప్పడు. మామూలు బుకీ దగ్గర మనం ఆ కంపెనీతో పందెం కాస్తాం. ఎక్స్ఛేంజ్‌లో అలా కాదు, మనలాంటి ఇంకో మనిషితో కాస్తాం. 2000లో లండన్‌లో మొదలైన బెట్‌ఫెయిర్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. ఒక జట్టు గెలుస్తుందని కాయడాన్ని బ్యాక్ అంటారు, గెలవదని కాయడాన్ని లే అంటారు. మన దగ్గర క్రికెట్ బుకీల భాషలో లగాయ్, ఖాయ్ అనేవి ఇవే. రేటు 3 ఉన్నప్పుడు, అంటే 100 పెట్టి గెలిస్తే 300 తిరిగొచ్చేటప్పుడు, 100 పౌండ్లు బ్యాక్ చేశాడనుకోండి. కాసేపటికి ఆ రేటు 2.8కి దిగితే 107 పౌండ్ల చిల్లర లే చేస్తాడు. ఇక ఎవరు గెలిచినా చేతికి 7 పౌండ్లు వస్తాయి, అందులో కొంత కమిషన్ పోతుంది. రేటు దిగకుండా 3.2కి ఎక్కితే, అదే పని చేసి 6 పౌండ్ల పైచిలుకు నష్టంతో బయటపడాలి. మ్యాచ్ ఫలితంతో పని లేకుండా రేటు కదలిక మీద సంపాదించడం కాబట్టి దాన్ని ట్రేడింగ్ అంటారు. లెక్క సరైనదే. ఇంగ్లండ్‌లో 18 దాటినవాళ్లకు ఇది చట్టబద్ధం, గెలిచిన దానిమీద పన్ను కూడా లేదు.

నా అనుమానాలు ఇక్కడి నుంచి మొదలవుతాయి. ఈ మధ్య ప్రతి రెండో యూట్యూబ్ వీడియోలో దీన్ని కెరీర్ అని చెబుతున్నారు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

షేర్ వెనక ఒక కంపెనీ ఉంటుంది. అది వ్యాపారం చేసి లాభం తెస్తే, షేరు పట్టుకున్న అందరికీ ఎంతోకొంత పెరుగుతుంది. ఎక్స్ఛేంజ్‌లో కొత్తగా పుట్టే డబ్బు ఏమీ లేదు. మీవాడికి వచ్చే 7 పౌండ్లు ఇంకొకరి జేబులోంచి రావాలి, మధ్యలో ఎక్స్ఛేంజ్ తన వాటా తీసుకుంటుంది. కాబట్టి అడగాల్సింది ఒకటే: మీవాడికి డబ్బు పోగొట్టుకునే ఆ అవతలి మనిషి ఎవరు? గుర్రప్పందేల మార్కెట్‌లో ఎక్కువ డబ్బు రేసు మొదలయ్యే ముందు చివరి పది నిమిషాల్లోనే వస్తుంది. ఆ పది నిమిషాల్లో రేట్లను కదిపే వాటిలో చాలా భాగం కంప్యూటర్ ప్రోగ్రాములే. మ్యాచ్ జరుగుతుండగా ట్రేడ్ చేద్దామంటే, టీవీలో కనిపించేసరికే కొన్ని సెకన్లు ఆలస్యం. పందెం ఒప్పుకునే ముందు సైటు కూడా కొన్ని సెకన్లు ఆపుతుంది. స్టేడియంలో కూర్చుని ఫోన్‌లో సమాచారం పంపేవాళ్లు ప్రత్యేకంగా ఉంటారు, వాళ్లను కోర్ట్‌సైడర్లు అంటారు. వీళ్లందరి ముందు షిఫ్టు ముగించుకుని అలసిపోయి కూర్చున్న మీ అబ్బాయి ఏ విషయంలో ముందున్నాడు? ఈ ప్రశ్నకు అతని దగ్గర జవాబు ఉందేమో అడగండి. వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికి అడగండి.

దీంట్లో గెలిచినవాళ్లు లేరని నేను అనను. ఇంగ్లండ్‌లో బ్రైటన్ ఫుట్‌బాల్ క్లబ్ యజమాని టోనీ బ్లూమ్, బ్రెంట్‌ఫర్డ్ యజమాని మాథ్యూ బెన్‌హామ్ ఇద్దరూ పందేల లెక్కల్లోనే పెద్దవాళ్లయ్యారు. బెన్‌హామ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్ చదివి, లండన్ ఫైనాన్స్ రంగంలో పనిచేసి వచ్చినవాడు. వాళ్లిద్దరూ కంపెనీలు పెట్టి, గణాంకాలు తెలిసిన జట్లను జీతాలిచ్చి పెట్టుకున్నారు. ఇంకో సంగతి. ఏళ్ల తరబడి గెలుస్తూ ఉండే కొద్దిమంది మీద బెట్‌ఫెయిర్ 2008లో ప్రీమియం ఛార్జ్ అని 20 శాతం దాకా అదనపు రుసుము పెట్టింది. 2011లో బాగా ఎక్కువ గెలిచేవాళ్లకు దాన్ని 60 శాతం వరకు పెంచింది. కష్టపడి పైకెక్కినా అక్కడ నియమాలు మన చేతిలో ఉండవు.

రెండేళ్ల క్రితం సెలవులకు ఇంటికొచ్చిన ఒక కుర్రాడు మా ఆఫీసులో నా ఎదురుగా కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. మాంచెస్టర్‌లో చదువుతున్నాడు. ఎక్సెల్ షీట్‌లో రోజుకొక వరుస, పద్ధతిగా రాసుకున్నాడు. 31 వరుసలు ఆకుపచ్చ రంగులో ఉన్నాయి: 2 పౌండ్లు, 1.40, 3.10, అలా. మొత్తం 74 పౌండ్లు. 32వ వరుస ఎరుపు. ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ డ్రా కాదని 3.5 రేటుకి 48 పౌండ్లు లే చేశాడు, అంటే డ్రా కాకపోతే 48 వస్తాయి, అయితే 120 కట్టాలి. గోల్ పడితే డ్రా రేటు పెరుగుతుంది, లాభంతో బయటపడొచ్చన్నది ప్లాన్. గోల్ పడలేదు. గంట ఆట గడిచేసరికి డ్రా రేటు 2కి దిగింది. అప్పుడే బయటికొచ్చేస్తే 36 పౌండ్లతో పోయేది. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అనుకుంటూ కూర్చున్నాడు. మ్యాచ్ 0–0తో ముగిసింది, 120 పౌండ్లు పోయాయి. "కట్ చేయాలని తెలుసండీ. చెయ్యి మౌస్ మీదే ఉంది. ఎందుకు నొక్కలేదో ఇప్పటికీ తెలియదు" అన్నాడు. తెలివైన పిల్లాడు, లెక్కల్లో దిట్ట. ఆ 31 రోజుల్లో రోజుకు రెండు గంటల చొప్పున 62 గంటలు కూర్చున్నాడు. 2025 ఏప్రిల్ నాటి బ్రిటన్ కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లతో లెక్కేసినా ఆ గంటలకు 757 పౌండ్లు వచ్చేవి.

ఇక కోర్సు సంగతి. ఎక్స్ఛేంజ్ ఎలా పనిచేస్తుందో, బ్యాక్, లే అంటే ఏమిటో నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు, ఒక వారాంతం చాలు. డబ్బు తీసుకుని అమ్మేది మిగతాది: గెలుస్తావన్న నమ్మకం. రోజూ మార్కెట్‌లో గెలిచే మనిషికి తన పద్ధతి పదిమందికి చెప్పి పోటీ పెంచుకోవాల్సిన అవసరం ఏముంది? ఆకుపచ్చ స్క్రీన్‌షాట్లు చూసి మోసపోయిన కుటుంబాలను నేను చాలానే చూశాను.

షేర్ల ట్రేడింగ్ నేర్చుకోమనాలా అని అడిగారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ (షేర్ల ధర ముందు ముందు ఎటు కదులుతుందన్న దాని మీద చేసే ఒప్పందాలు) గురించే అయితే అదీ వద్దు. 2021–22 నుంచి 2023–24 వరకు మూడేళ్లలో ఈ విభాగంలో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అధ్యయనమే తేల్చింది. ఒక గుంట లోంచి తీసి ఇంకో గుంటలో వేయమన్నట్టు ఉంటుంది. జీతం మొదలయ్యాక నెలనెలా కొంత ఇండెక్స్ ఫండ్‌లో వేసుకోవడం వేరు, అది పొదుపు.

ఉద్యోగంతో పోలిక ఇంకా సులువు. గ్రాడ్యుయేట్ వీసా మీ అబ్బాయికి రెండేళ్లే. ఆ తర్వాత అక్కడే ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి. దానికి లైసెన్స్ ఉన్న కంపెనీ స్పాన్సర్ చేయాలి. 2025 జులై నుంచి సాధారణ జీతం పరిమితి ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు 33,400. బెట్టింగ్‌లో లక్ష పౌండ్లు గెలిచినా వీసా లెక్కలో అది సున్నా. పే స్లిప్ ఉండదు, అనుభవం కిందికి రాదు. తిరిగి వచ్చేస్తే ఇక్కడ ఆ విద్యకు చోటే లేదు. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి, 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. వాట్సాప్‌లో బెట్టింగ్ ఐడీ ఇస్తామనే వాళ్ల జోలికి అసలే పోవద్దని చెప్పండి.

అతని ఆసక్తిని పారేయాల్సిన పని మాత్రం లేదు. రేట్లు ఎలా కదులుతాయో గమనించడం, సంభావ్యత లెక్కలు, పాత మ్యాచ్‌ల డేటా మీద పైథాన్‌లో మోడల్ కట్టడం, ఇవన్నీ డేటా అనలిస్ట్ పనులే. రూపాయి పెట్టకుండా ఒక సీజన్ మ్యాచ్‌లకు తన అంచనా ముందే రాసి, ఎక్స్ఛేంజ్ రేటుతో పోల్చి, ఎక్కడ తప్పాడో నిజాయతీగా రాసి, ప్రోగ్రామర్లు తమ పని నలుగురికీ చూపించే గిట్‌హబ్ సైట్‌లో పెట్టమనండి. ఇంటర్వ్యూలో పది నిమిషాలు మాట్లాడగలిగే ప్రాజెక్టు అవుతుంది. ఇన్సూరెన్స్ ప్రైసింగ్, బ్యాంకుల్లో రిస్క్ విభాగం, స్పోర్ట్స్ డేటా కంపెనీలు ఇలాంటివాళ్లనే చూస్తాయి. బెట్‌ఫెయిర్ మాతృసంస్థ ఫ్లటర్‌కు హైదరాబాద్‌లోనే ఆఫీసు ఉంది. అక్కడ అనలిస్టులకు వచ్చేది జీతం, పందెం డబ్బు కాదు.

ఇప్పుడు మీతో ఒక మాట, కొంచెం కటువుగా. ఫోన్ చేసిన ప్రతిసారీ ఉద్యోగం సంగతి అడుగుతున్నారా? ఎవరి అబ్బాయికి ఎంత ప్యాకేజీ వచ్చిందో చెబుతున్నారా? మీ ఉత్తరంలో బంధువుల ప్రస్తావన చూశాక చేస్తున్నారనే అనుకుంటున్నాను. రాత్రంతా గోడౌన్‌లో డబ్బాలు మోసి పొద్దున్న గదికి వచ్చిన పిల్లాడికి మీ ఫోన్ అంటే భయమేస్తుంటే, తొందరగా డబ్బు తెచ్చి మీ ముందు పెట్టాలన్న ఆలోచన రాక ఏమవుతుంది? ఆరు నెలలు ఉద్యోగం రాకపోవడం ఈ రోజుల్లో తప్పు కాదు. ఇల్లు తాకట్టు పెట్టాలన్న నిర్ణయం కూడా అతను ఒక్కడే తీసుకోలేదు, కాగితాల మీద మీ సంతకమూ ఉంది. బంధువులు అడిగితే "పని చేసుకుంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు" అని చెప్పండి. అందులో అబద్ధం ఏముంది?

ఇంకొకటి మెల్లగా కనుక్కోండి. నేర్చుకుంటున్నానని చెప్పి డబ్బు అడిగేవాళ్లలో కొందరు అప్పటికే పోగొట్టుకుని ఉంటారు. బెట్టింగ్ ఖాతాలోంచి లాభనష్టాల స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. స్క్రీన్‌షాట్లు కాదు, అది చూపించమనండి. "ఎంత పోయినా నేను తిట్టను" అని ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడండి. నష్టం ఎక్కువే ఉంటే, రూమ్మేట్ల దగ్గర అప్పులు ఉంటే, అక్కడ గామ్‌స్టాప్ అనే ఉచిత సేవ ఉంది. అందులో పేరు నమోదు చేసుకుంటే బ్రిటన్ లైసెన్స్ ఉన్న ఆన్‌లైన్ బెట్టింగ్ సైట్లన్నీ కనీసం ఆరు నెలలు అతన్ని రానివ్వవు. మోంజో లాంటి బ్యాంకుల యాప్‌లోనే జూదం చెల్లింపులను ఆపేసే స్విచ్ ఉంటుంది. మీకే నిద్ర పట్టడం లేదంటే ఇక్కడ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

చివరికి లోన్. విద్యా రుణాల్లో సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకు ఈఎంఐ మొదలవదు, తిరిగి కట్టడానికి 15 ఏళ్ల వరకు గడువిస్తారు. 28 లక్షలకు 10.5 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుంటే నెలకు సుమారు 31 వేలు. ఇప్పటి రేటు ప్రకారం అది 300 పౌండ్లకు లోపే. పొదుపుగా ఉంటే అనలిస్ట్ ఉద్యోగం రాకముందే గోడౌన్ జీతంలోంచి కూడా అందులో చాలా భాగం కట్టొచ్చు. అంటే ఇల్లు పోయే పరిస్థితి ఈ రోజు లేదు. ఈ లెక్క మీ అబ్బాయికి తెలియదేమో, 28 లక్షలన్న అంకె ఒక్కటే అతని తలలో తిరుగుతూ ఉండొచ్చు. సోమవారం లోన్ మంజూరు లేఖ తీసుకుని బ్యాంకుకు వెళ్లండి. మీ లోన్‌లో మొదటి ఈఎంఐ ఎప్పుడో, గడువు పెంచుకునే వీలుందో మేనేజర్‌ను అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం ఫొటో తీసి సాయంత్రం మీ అబ్బాయికి పంపండి.