లింకులన్నీ ఒక్కచోట ఉండాలంటే?

ప్రశ్న: మేం నలుగురం పీహెచ్‌డీ విద్యార్థులం. మూసీ కాలుష్యం, 1908 నాటి వరద మీద కలిసి సమాచారం సేకరిస్తున్నాం. లింకులు వాట్సాప్ గ్రూపులో పెట్టుకుంటున్నాం గానీ నెల తిరిగేసరికి ఏదీ దొరకదు. ఒకే వ్యాసాన్ని ముగ్గురం చదివిన సందర్భాలూ ఉన్నాయి. ఖర్చు లేని మార్గం చెప్పండి.
- ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: లింకులు దాచి, ట్యాగులు (వెతకడానికి వీలుగా తగిలించే గుర్తు పదాలు) పెట్టి పంచుకోవడానికి ఒకప్పుడు డెలిషియస్ అనే సైట్ ఉండేది. పరిశోధకుల కోసమే సైట్‌యులైక్ వచ్చింది. అవి రెండూ ఇప్పుడు లేవు. కాబట్టి ఏది వాడినా, మీరు దాచినదంతా ఫైలుగా బయటికి తీసుకునే వీలుందో లేదో ముందు చూసుకోండి. ఆ వీలున్న ఉచిత సాఫ్ట్‌వేర్ జొటెరో మీకు సరిపోతుంది. వ్యాసాలు, లింకులు, వాటి వివరాలు దాచుకోవడానికే అది ఉంది.

ఒకరు జొటెరో సైట్‌లో 'ప్రైవేట్' గ్రూపు తెరిచి మిగతావాళ్లకు ఆహ్వానాలు పంపాలి. సభ్యులందరికీ ఎడిటింగ్ అనుమతి ఇవ్వాలి. అందరూ కంప్యూటర్‌లో జొటెరో, బ్రౌజర్‌లో దాని కనెక్టర్ (తెరిచిన పేజీని జొటెరోలో దాచే బటన్) వేసుకోవాలి. సేవ్ నొక్కగానే వచ్చే చిన్న పెట్టెలో గ్రూపు ఫోల్డరే ఉందా అని చూడండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. సొంత లైబ్రరీలో పడినదాన్ని తర్వాత గ్రూపులోకి లాగితే నకలు మాత్రమే వెళుతుంది. ఆపైన ఒకచోట దిద్దింది రెండోచోట కనిపించదు.

ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ. గ్రూపులో పెట్టిన పీడీఎఫ్‌లన్నీ గ్రూపు తెరిచినవారి కోటాలోంచే పోతాయి. పాత గెజిటీర్ల స్కాన్లు నాలుగు పెడితే చాలు, నిండిపోవచ్చు. పుస్తక వివరాలకూ, లింకులకూ ఈ పరిమితి లేదు. అందుకని పెద్ద ఫైళ్లు డ్రైవ్‌లో ఉంచి, ఇక్కడ లింకు మాత్రం పెట్టండి.

ఇక ట్యాగులు. ఒకరు 'మూసీ' అనీ, ఒకరు 'మూసి' అనీ, ఇంకొకరు 'మూసీ నది' అనీ రాస్తే సాఫ్ట్‌వేర్‌కు అవి మూడు వేర్వేరు ట్యాగులు. వెతికినప్పుడు మూడోవంతే వస్తుంది. మొదటిరోజే కూర్చుని ఇరవైకి మించకుండా ట్యాగులు ఖాయం చేసుకోండి. 'చదవాలి', 'చదివాను-' పక్కన పేరు, ఈ రెండూ తప్పక ఉండాలి. ఒకే వ్యాసం ముగ్గురు చదవడం వీటితోనే ఆగుతుంది. సెట్టింగుల్లో ఆటోమేటిక్ ట్యాగులు ఆపేయండి. లేదంటే లైబ్రరీ కేటలాగులు, జర్నళ్ల నుంచి వచ్చే పదాలు వందల్లో చేరి మీ ట్యాగులను కప్పేస్తాయి. ఇప్పటికే చెల్లాచెదురైన ట్యాగు మీద రైట్ క్లిక్ కొట్టి, సరైన పేరుకు మారిస్తే రెండూ కలిసిపోతాయి.

ప్రశ్న: నేను దాచిన జర్నల్ లింకు నా పక్క గదిలోవాళ్లకు తెరుచుకోవడం లేదు. నాకు బాగానే వస్తోంది. ఎందుకు?
- ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: లైబ్రరీ లాగిన్ ద్వారా వెళ్లినప్పుడు అడ్రస్ బార్‌లో జర్నల్ చిరునామాకు మీ ప్రాక్సీ (లైబ్రరీ తరఫున పేజీ తెచ్చిపెట్టే సర్వర్) పేరు అతుక్కుంటుంది. ఆ లింకు మీ లాగిన్ ఉన్నంతసేపే పనిచేస్తుంది. దాన్ని పంపకండి. వ్యాసం మొదటి పేజీలో 10తో మొదలయ్యే డీఓఐ నంబరు (ఆ వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) కాపీ చేసి, జొటెరోలో మంత్రదండం బొమ్మ నొక్కి అందులో వేయండి. రచయిత, సంచిక, పేజీలు తామే నిండుతాయి. భారతీయ పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథాల భాండాగారం శోధ్‌గంగలోని వాటికైతే 10603 ఉన్న హ్యాండిల్ లింకు (మారని శాశ్వత చిరునామా) తీసుకోండి. వార్తా కథనాల లింకులు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. దాచిన రోజే వెబ్ పేజీల ప్రతులు దాచే సైట్ వేబ్యాక్ మెషిన్‌లో ఒక ప్రతి భద్రపరిచి, ఆ చిరునామా కూడా పక్కనే నోట్‌లో రాయండి.